బుట్టపూల మూల

మే 6

ఫాదర్ గారు రోజుకి రెండు లైన్లు రాయమన్నారు. ఏం తోస్తే అది రాయి, ఎవరూ చదవరు, మనసు తేలికపడుతుంది అన్నారు. పశువుల దాణా అమ్మే ఫీడ్ స్టోర్ వాళ్లు జనవరిలో ఉచితంగా ఇచ్చిన డైరీ ఫ్రిజ్ మీద పడి ఉంది. ఇదే అది.

రెండు లైన్లు దాటాయి. చాలు.

మే 7

ఆల్బీనా మార్చిలో పోయింది. నా భార్య. ఎవరూ చదవని పుస్తకంలో ఈ వివరం ఎవరి కోసం రాస్తున్నానో తెలియదు.

గ్యారేజీలో, వాషింగ్ మెషీన్ దగ్గర. నేను లోపల బేస్‌బాల్ చూస్తున్నాను. మెషీన్ బజర్ మోగింది. అయిపోయింది చూడు అని కేకేశాను. కాసేపాగి మళ్లీ కేకేశాను. ఇన్నింగ్స్ అయ్యాక లేచాను.

నాకు ఏడుపు రాలేదు. చర్చిలో రాలేదు, సమాధి దగ్గర రాలేదు, తర్వాత హాల్లో అందరూ నా భుజం తడుతున్నప్పుడూ రాలేదు. నూడుల్స్ సూపు మాత్రం తాగాను. రెండోసారి పోయించుకున్నాను కూడా. బెర్నిస్ చూసింది. బెర్నిస్ ఆల్బీనా చెల్లెలు. ఒక్కసారి ఏడు బావా, లోపల పెట్టుకుంటే మనిషివి పాడైపోతావు అంది. లోపల ఏమీ లేదని చెప్పలేకపోయాను.

మే 11

డాక్టరు దగ్గరికి వెళ్లాను. షుగర్ ఎప్పట్లాగే ఉంది. ఆవిడ సన్నటి సూదిలాంటిది పట్టుకుని వేళ్ల కొసల మీద గుచ్చుతూ, తెలుస్తోందా, తెలుస్తోందా అంది. ఏది అన్నాను. వేళ్లకి స్పర్శ పోయింది ఎర్విన్ గారూ, పొయ్యి దగ్గర జాగ్రత్త అంది. సరదాగా అదే సూది బుగ్గ మీద ఆనించింది. ఉలిక్కిపడ్డాను. పర్లేదే, అక్కడ బతికే ఉన్నారు అని నవ్వింది.

ఏడుపు గురించి కూడా అడుగుదామనుకున్నాను. దానికి వేరే డాక్టరేమో.

మే 15

పడమటి మూలలో, వాగు గట్టు పక్కన, మొక్కలు నడుం ఎత్తుకి వచ్చాయి. ఆల్బీనా వాటిని బుట్టపూలు అనేది. పువ్వు అడుగున చిన్న గిన్నెలా ఉంటుంది, బుట్ట అల్లినట్టు. పైన లేత ఊదా కుచ్చు, మధ్యలో తెలుపు. నేను వాటిని ముళ్ల మొక్కలు అనేవాణ్ణి. దూరం నుంచి చూస్తే అచ్చం ముళ్ల మొక్కే. మా చుట్టుపక్కల ఏ రైతునడిగినా అదే అంటాడు. అడిగేలోపే మందు కూడా కొట్టేస్తాడు.

పెళ్లయిన కొత్తలో నేనూ పార పట్టుకుని వెళ్లాను. ఆవిడ వెనకాలే వచ్చి, ఒక ఆకు తుంచి నా బుగ్గకి రాసింది. ఏదీ, గుచ్చుకుందా, నిజం చెప్పు అంది. గుచ్చుకోలేదు. అయినా ముళ్ల మొక్కే అన్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ మే నెల రాగానే ఇదే మాట, ఇదే ఆకు, ఇదే బుగ్గ. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆకు తేవడం మానేస్తుందని భయపడ్డానేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు అలాంటిదేమీ లేదు. ఉత్త మొండితనం.

ఇవి ఒక్క ఏడాది మొక్కలు. చలికి ముందు మొలుస్తాయి, ఎండాకాలం పూస్తాయి, గింజ రాల్చి చచ్చిపోతాయి. గింజ రాలకముందే కోస్తే వచ్చే ఏడు అక్కడ ఏమీ ఉండదు. అందుకని గడ్డి కోతకి ముందు ఆల్బీనా ఆ మూల చుట్టూ కర్రలు పాతి, నా పాత షర్టులు చింపి వాటికి పీలికలు కట్టేది. రిటైరయ్యేదాకా ఈ రోడ్ల మీద ఇంటింటికీ ఉత్తరాలు పంచినవాణ్ణి. పోస్టల్ షర్టులు బీరువా నిండా ఉండేవి. ఆ నీలం పీలికలు చూసి ట్రాక్టరు పక్కకి తిరిగి పోవాలి. గువ్వలు దిగాక కోసుకోండి అనేది. గువ్వలు దిగాయంటే గింజ రాలుతోందని లెక్క.

అదిగో వదిన గారి ముళ్లతోట, చుట్టు తిరిగి పోండ్రా అని మార్విన్ ట్రాక్టరు మీంచి అరిచేవాడు. మార్విన్ నా తోడల్లుడు, బెర్నిస్ మొగుడు.

ఈ ఏడు కర్రలు నేను పాతాలి.

మే 16

పాతలేదు.

జూన్ 3

ఆదివారం చర్చిలో మాస్ ప్రార్థన అయ్యాక మార్విన్ పార్కింగ్‌లో పట్టుకున్నాడు. మా పారిష్‌లో, అంటే మా చర్చికి వచ్చే ఇళ్లలో, ఎవరింట్లో మనిషి పోయినా ఆ ఏడు మొదటి కోత మిగతావాళ్లంతా కలిసి చేసిపెడతారు. మా నాన్న పోయినప్పుడు మాకు చేశారు. నేనూ ఎందరికో చేశాను. నువ్వు కుర్చీలోంచి లేవక్కర్లేదన్నయ్యా, బీరెక్కడ దాచావో చెప్పు చాలు అన్నాడు.

నాకు ఆవులెక్కడివి, గడ్డెందుకు అన్నాను. ఏప్రిల్‌లో అమ్మేశాను. పొద్దున్నే లేచి వాటి మొహాలు చూడబుద్ధి కాలేదు. అయితే ఆ గడ్డి చర్చి పిక్నిక్‌లో వేలం వేద్దాం, వదిన గారి పేరు మీద అన్నాడు. అంటూ ఏడ్చేశాడు. మార్విన్‌కి ఏడుపు తన్నుకొస్తుంది. ఎడ్ల సంతలో కూడా ఏడవగలడు.

సరే అన్నాను. ఈ మధ్య అన్నిటికీ సరే అంటున్నాను. హాయిగా ఉంది.

జూన్ 14

మే చివర్లో మొదలైన పూలు ఇప్పుడు మూలంతా విచ్చాయి. వంటింటి కిటికీలోంచి కనిపిస్తున్నాయి. తేనె వాసన వేస్తాయని ఆల్బీనా అనేది. కిటికీ తియ్యలేదు.

జూన్ 22

రేపు కోత. కర్రలు షెడ్డులో ఉన్నాయి. షర్టు ఒక్కటే మిగిలింది, మేకుకి తగిలించి ఉంది. రెండూ తెచ్చి వరండాలో పెట్టుకున్నాను. తర్వాత కుర్చీలో కూర్చున్నాను. పొద్దు వాలింది. లేచి రెండూ తీసుకెళ్లి మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేశాను.

ఎందుకు కట్టలేదంటే చెప్పడానికి ఏమీ లేదు. చేతులు లేవలేదు.

జూన్ 23

పొద్దున్నే వచ్చారు. ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి గేట్లోంచి వస్తుంటే చూసేవాళ్లు పెళ్లనుకుంటారు. ఆడవాళ్లు కొలాచీలు, మా తియ్యటి బన్నులు, చేసుకొచ్చారు, గసగసాలు పెట్టినవి, ఆప్రికాట్ జామ్ పెట్టినవి. బెర్నిస్ పొటాటో సలాడ్ బకెట్‌తో తెచ్చింది. నన్ను చెట్టు కింద కుర్చీలో కూలేసి చేతిలో ప్లేటు పెట్టింది. తిను బావా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నావు, ఎవరు పట్టుకొస్తారు నిన్ను అంది. తిన్నాను.

మార్విన్ వరస తరవాత వరస కోసుకుంటూ పడమటి అంచుకి వచ్చాడు. ఆ మూల దగ్గర ట్రాక్టరు స్లో చేశాడు. పీలికల కోసం చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. పీలికలు లేవు. తిరిగి నా వైపు చూశాడు. నా చేతిలో కొలాచీ ఉంది. ఆ చెయ్యి కాస్త పైకెత్తి ఊపితే ఆగిపోయేవాడు. నేను ఎత్తలేదు. మార్విన్ టోపీ సర్దుకుని లోపలికి పోనిచ్చాడు.

పూలు ఒక్కసారి ఊగి ఒక పక్కకి వాలాయి. అంతే. నేను కొలాచీ పూర్తి చేశాను. ఆప్రికాట్ది.

మధ్యాహ్నం వచ్చి నా పక్కన గడ్డిలో కూలబడ్డాడు. ఆ ముళ్ల పీడ కూడా వదిలించేశానన్నయ్యా, పీలికలు కట్టలేదంటే నీకూ అదే ఇష్టమనుకున్నా, ఎన్నేళ్ల నుంచి మొత్తుకుంటున్నావు పాపం అన్నాడు. మొహం ఎండకి బీట్‌రూట్‌లా ఉంది. తన సొంత గడ్డి ఇంకా కొయ్యలేదు, నాది ముందు కోశాడు. మంచివాడు. థాంక్స్ అన్నాను. ఇంకేమంటాను.

జూన్ 25

ఎండిన గడ్డిని బేల్స్‌గా, పెద్ద పెద్ద మోపులుగా చుట్టి చర్చికి తోలుకుపోయారు.

జూన్ 27

ఏడవడానికి ప్రయత్నించాను. కారులో, అద్దాలు ఎక్కించుకుని. రేడియోలో పాట కూడా పెట్టాను. ఆకలేసింది. ఇంటికొచ్చి సాసేజ్ వేయించుకున్నాను.

జూలై 5

గువ్వలు వచ్చాయి. ఏటా వచ్చే రోజుల్లోనే వచ్చాయి, వాటికెవరు కబురు చేస్తారు. కోసిన మోళ్ల మధ్య అటూ ఇటూ తిరిగాయి. ఏమీ దొరక్క కరెంటు తీగ మీదికెళ్లి వరసగా కూర్చున్నాయి. చాలాసేపు నా ఇంటి వైపే చూస్తున్నట్టు ఉన్నాయి.

వచ్చే మే నెలకి అక్కడ ఏమీ ఉండదు. ఈ వాక్యం రాసి పెన్ను కింద పెట్టాను. మళ్లీ తీశాను. ఆల్బీనా పోయింది, అందులో నా చెయ్యి లేదు. ఇది మాత్రం నా చెయ్యే. ఆవిడ ఇన్నేళ్లు కాపాడిన దాన్ని నేను కొలాచీ తింటూ పోగొట్టాను.

మార్విన్‌కి చెప్పకూడదు. చెబితే పశ్చాత్తాపంతో మంచం పడతాడు. మేలు చెయ్యడానికొచ్చిన మనిషి.

జూలై 8, పిక్నిక్

చర్చి వెనక మైదానంలో నా గడ్డి బేల్స్ వరసగా నిలబెట్టారు. పక్కన బ్యాండు, పోల్కా డాన్సు, చిన్నపిల్లలు కేక్‌ల చుట్టూ గోల. నేను బీరు పట్టుకుని ఊరికే బేల్స్ పక్కన నడుస్తున్నాను. చివరి బేల్ దగ్గర ఆగిపోయాను. దాని పక్కలోంచి ఎండిన బుట్టలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒకదాన్ని తుంచి అరచేతిలో నలిపాను. వేళ్లకి ఏమీ తెలియలేదు గానీ కంటికి కనిపించాయి. గింజలు. నల్లగా, నిండుగా. ముందు పూసినవి కోతకి ముందే గింజ పట్టాయన్న మాట.

గుండె కొట్టుకోవడం వినిపించింది. ఎన్నాళ్లకో.

వేలం మొదలయ్యాక ఆ బేల్ వంతు రాగానే చెయ్యెత్తాను. ఈసారి ఎత్తాను. వేలం పాడే ఆయన పాట ఆపేసి, ఎర్విన్, ఇది నీ పొలంలో గడ్డే, నీకు తెలుసా అన్నాడు మైక్‌లో. తెలుసు అన్నాను. అందరూ నవ్వారు. పక్క కౌంటీ నుంచి వచ్చిన ఎర్ర టోపీ ఆయన నా మీద పెంచాడు. నేను పెంచాను. ఆయన పెంచాడు. ఆ గడ్డి కింద ఏముందయ్యా, చమురు బావి ఉందా అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఎంత దాకా వెళ్లానో ఇక్కడ రాయను. ఎర్ర టోపీ ఆయన చేతులెత్తేశాడు.

అప్పుడు చప్పట్లు. లేచి నిలబడి మరీ. చర్చి కోసం, ఆల్బీనా పేరు మీద, కావాలనే పాట పెంచాననుకున్నారు. ఫాదర్ గారు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. మార్విన్ ఏడ్చాడు. మా అన్నయ్య మనసు వెన్న అని అందరికీ చెబుతున్నాడు. నేను తలూపాను.

జూలై 9

మార్విన్ బేల్‌ని తిరిగి నా ఇంటికే తోలుకొచ్చాడు. ఎక్కడ దింపమంటావు, షెడ్డులోనా అన్నాడు. పడమటి మూల అన్నాను. అక్కడెవరు తింటారు, ఆవుల్లేవుగా అన్నాడు. దింపు అన్నాను. దింపాడు. వెళ్తూ వెళ్తూ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

సాయంత్రం దాకా గడ్డి ఎత్తే ఫోర్కుతో పరిచాను. కోసిన చోటంతా పల్చగా. నడుం పట్టేసింది.

జూలై 11

గువ్వలు దిగాయి. గింజ ఉందని వాటికీ తెలిసింది. కానీ మొత్తం తినేసేలా ఉన్నాయి. పరిగెత్తాను. గిన్నె మీద గరిటెతో కొట్టాను. ఎగిరి తీగ మీద కూర్చున్నాయి, నేను వెనక్కి తిరగ్గానే మళ్లీ దిగాయి.

జూలై 12

మడత కుర్చీ, గొడుగు, ఐస్ వాటర్, గిన్నె, గరిటె. పొద్దంతా అక్కడే.

జూలై 15

బెర్నిస్ నా కోసం కాసరోల్ వండి పట్టుకుని వచ్చింది. ఇంట్లో లేనని తెలిసి పొలంలోకి నడిచొచ్చింది. ఎర్రటి ఎండలో, ఆవుల్లేని పొలంలో, గడ్డికి కాపలా కూర్చుని గిన్నె మోగిస్తున్న బావగారిని చూసింది. కాసరోల్ అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

నిన్ను చూస్తే నాకు భయమేస్తోంది బావా, మార్విన్ చెబితే నమ్మలేదు, డాక్టరు దగ్గరికి వెళ్దాం పద అంది. గువ్వల్ని తోలుతున్నా అన్నాను. అదే కదా నేననేది అంది. అక్క ఉంటే నిన్నిలా ఎండలో కూర్చోనిచ్చేదా అని కళ్లు తుడుచుకుంది. అక్క ఉంటే నేనిక్కడ కూర్చోవలసిన పనేముంది అన్నాను. కాసరోల్ నా కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

కాసరోల్ బాగుంది. ఉప్పు కాస్త ఎక్కువ.

ఆగస్టు 2

గువ్వలు వెళ్లిపోయాయి. మిగిలినవి ఎన్నో, మిగిలాయో లేదో. కుర్చీ మడిచేశాను.

సెప్టెంబరు 9

రాయడానికేమీ లేదు. వాన లేదు.

అక్టోబరు 16

వాన. మూడో రోజు. వాగు ఉరుకుతోంది. వరండాలో కూర్చుని ఆ మూల వైపు చూస్తున్నాను. మార్విన్ ఫోన్ చేసి మీ ఇంట్లోకి నీళ్లు రాలేదు కదా అన్నాడు. రాలేదు అన్నాను. నీ గొంతు బాగుందన్నయ్యా ఇవాళ అన్నాడు.

నవంబరు 21

గడ్డి కింద పచ్చగా ఏదో ఉంది. చాలా చోట్ల.

డిసెంబరు 25

బెర్నిస్ వాళ్లింట్లో భోజనం. ఆల్బీనా కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మార్విన్ ఏడ్చాడు. నేను కేక్ కోసిపెట్టాను.

ఫిబ్రవరి 10

మార్విన్ కంచె తీగ బిగించడానికి వచ్చాడు. ఆ మూల దాకా వెళ్లి బూటు కొసతో గడ్డి కదిపి చూశాడు. అన్నయ్యా, నీ గడ్డిలోంచి ముళ్ల మొక్కలు పుట్టాయి, చూశావా, నేల కరుచుకుని ఎలా పరుచుకున్నాయో, చిన్నప్పుడే మందు కొట్టెయ్యాలి, శనివారం ట్యాంకు వేసుకుని వస్తా అన్నాడు.

సరే అన్నాను.

నోటికి అలవాటైపోయింది. వాడు వెళ్లాక గానీ ఏమన్నానో తెలియలేదు.

ఫిబ్రవరి 12

వాడు చెప్పింది నిజమైతే? అక్కడ అసలు ముళ్ల మొక్కలూ మొలుస్తాయి. పిల్ల మొక్కలు రెండూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో ఆల్బీనా చూసీ చూడగానే చెప్పేది. నేను ఎన్నడూ నేర్చుకోలేదు. నేర్చుకోకపోవడమే నా పంతం.

ఫిబ్రవరి 14

కళ్లజోడు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఆకు అంచున సన్నగా ఏదో ఉంది. ముల్లో, నూగో. వేలితో తడిమాను. ఏమీ తెలియలేదు. గట్టిగా నొక్కాను. ఏమీ తెలియలేదు. రెండో చెయ్యి. ఈ చేతులు నావి కావు. కోపం వచ్చింది. చేతుల మీద కోపం. తిట్టాను వాటిని.

ఫిబ్రవరి 15, మధ్యాహ్నం

పడుకున్నాను. నేల మీద, బోర్లా, కోటు విప్పేసి. బుగ్గ ఆనించాను.

మొదటిది గుచ్చుకుంది. బాగా గుచ్చుకుంది, సూదిలా. అబ్బా అన్నాను పైకే. ముళ్ల మొక్కే అది. అలాగే పాక్కుంటూ పక్కదాని దగ్గరికి వెళ్లాను. బుగ్గ ఆనించాను.

గుచ్చుకోలేదు. గరుకు. అంతే, ఉత్త గరుకు. ఆ గరుకు నాకు తెలుసు. ప్రతి మే నెలా నా బుగ్గకి తగిలిన గరుకు. దాని పక్కదీ అంతే. దాని పక్కదీ.

అవును, ముల్లు లేదు, ఒప్పుకున్నాను అన్నాను. పైకే అన్నాను. పొలంలో ఎవరూ లేరు.

అప్పుడు వచ్చింది. ఇన్నాళ్లూ ఎక్కడుందో. మార్విన్ కూడా అలా ఏడవలేడు. ఆకు తడిసిపోయింది. లేచేసరికి పొద్దు వాలింది, మోకాళ్లు బిగుసుకుపోయాయి, కంచె పట్టుకుని నిలబడ్డాను.

ఫిబ్రవరి 16

పొద్దున్నే చివరి షర్టు చింపాను. కర్రలు పాతాను.

మార్విన్ వచ్చి ఇంజిన్ ఆపి పీలికల వంక చూశాడు. వద్దు అన్నాను. ముళ్లు కదన్నయ్యా అన్నాడు. దిగు, పడుకుని చూడు అన్నాను. టోపీ తీసి పడుకున్నాడు. నేను చూపించిన చోట బుగ్గ ఆనించాడు.

పాకి పక్కదానికీ ఆనించాడు.

వదిన గారి తోట, అన్నాడు.